చదువు, ఆదాయం లెక్కలతో ఓటు రంగు తెలుస్తుందా? బెజవాడలో చేసిన ఒక పని

2023 దసరా వెళ్ళిన వారానికి సూర్యారావుపేటలోని మా ఆఫీసుకు ఒకాయన వచ్చారు. విజయవాడ నగరంలోని మూడు నియోజకవర్గాల్లో ఒకచోట టికెట్ కోసం ప్రయత్నిస్తున్న నాయకుడి బావమరిది. ఎన్నికల పనంతా తనే చూసుకుంటున్నారు. నియోజకవర్గం పేరు, పార్టీ పేరు ఇక్కడ రాయను. వాటితో ఈ కేసుకు పని లేదు.

ఆయన అడిగింది చాలా సూటిగా ఉంది. "అన్నా, ఏ డివిజన్లో చదువుకున్నోళ్ళు ఎక్కువ, ఏ డివిజన్లో డబ్బున్నోళ్ళు ఎక్కువ, ఆ లెక్క తీయండి. దాన్నిబట్టి మనకు పడే చోట ఆకుపచ్చ, పడని చోట ఎరుపు, ఊగే చోట నారింజ రంగు వేసి ఒక మ్యాప్ ఇవ్వండి. ఎరుపు మీద మేం టైం పెట్టం."

చదువుకున్నవాళ్ళు ఒకవైపు, పథకాలు అందుకునేవాళ్ళు ఇంకోవైపు అన్నది ఆయన నమ్మకం. "అందరికీ తెలిసిందేగా, మీరు లెక్కేసి చూపిస్తే చాలు" అన్నారు. నేను పని ఒప్పుకున్నాను. సర్వేలు, బూత్ లెక్కలు చేసే ఈ వృత్తిలో ఇలాంటి మ్యాప్ అడిగేవాళ్ళు ప్రతి ఎన్నికకూ వస్తారు. అంతకుముందు నేనూ ఒకటి రెండు చేసి ఇచ్చాను. ఈసారి మాత్రం మ్యాప్ ఇచ్చే ముందు దాన్ని పరీక్షించి తీరాలనుకున్నాను. ఆ పరీక్షలో ఏం తేలిందో రాస్తున్నాను.

చేతికి దొరికిన లెక్కలు

ముందుగా చదువు. డివిజన్ స్థాయిలో అక్షరాస్యత కావాలంటే 2011 జనగణనే దిక్కు. 2021లో జరగాల్సింది వాయిదా పడింది కాబట్టి మేం పని మొదలుపెట్టేనాటికి ఆ లెక్క వయసు పన్నెండేళ్ళు. 2011లో పదేళ్ళున్న పిల్ల అప్పటికే డిగ్రీ పూర్తిచేసి ఓటు కూడా వేసేసింది. పైగా జనగణనలో అక్షరాస్యత అంటే ఏడేళ్ళు దాటిన మనిషి ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలగడం, రాయగలగడం. మూడో తరగతి పిల్లాడూ అక్షరాస్యుడే, ఇంజినీరూ అక్షరాస్యుడే. ఓటు హక్కు లేని పిల్లలు కూడా ఆ శాతంలో కలిసిపోయి ఉంటారు.

రెండోది ఆదాయం. ఇక్కడ ఇంకా ఇబ్బంది. జనగణనలో ఆదాయం అడగరు. ఇంటి కప్పు దేనితో వేశారు, టీవీ ఉందా, స్కూటర్ ఉందా, కారుందా, బ్యాంకు ఖాతా ఉందా అని అడుగుతారు. ఆ వస్తువుల నుంచి మనం ఆదాయాన్ని ఊహించుకోవాలి. ప్రభుత్వం జిల్లాల వారీగా ఇచ్చే తలసరి ఆదాయం ఉంది కదా అంటారు. 13 జిల్లాల రోజుల్లో విశాఖ, కృష్ణా ముందు వరసలో ఉండేవి కూడా. కానీ ఆ అంకె జిల్లాలో ఎంత ఉత్పత్తి జరిగిందన్న దాని నుంచి వస్తుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో తయారైన కరెంటు విలువ, కైకలూరు చెరువుల్లోని చేపల విలువ అప్పటి కృష్ణా జిల్లా లెక్కలోకి వెళ్ళాయి. వాటిని జిల్లా జనాభాతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. సింగ్‌నగర్‌లో ఆటో నడిపే మనిషి జేబుకు, ఆ అంకెకు సంబంధం లేదు. మరోపక్క అమెరికాలో ఉన్న కొడుకు పటమటలోని తల్లిదండ్రులకు పంపే డబ్బు అందులోకి రాదు. ఉత్పత్తి జరిగింది అక్కడ కాబట్టి.

రేషన్ కార్డు చూస్తే పోలా అన్నారు బావమరిదిగారు. అప్పటికి రాష్ట్రంలో ఎక్కువ కుటుంబాల చేతిలో పేదలకిచ్చే బియ్యం కార్డే (జనం తెల్ల కార్డు అనేది) ఉంది. పట్నంలో నెలకు 12 వేలు, పల్లెలో 10 వేలు అని ఆదాయ పరిమితి పెట్టినా, కార్డు ఉన్నవాళ్ళందరినీ ఒకే గాటన కడితే పేదకు, మధ్యతరగతికి తేడా కనిపించదు.

మూడో చిక్కు హద్దులది. 2011లో విజయవాడ కార్పొరేషన్‌లో 59 డివిజన్లు. 2021 కార్పొరేషన్ ఎన్నికల నాటికి 64. జనగణన వార్డు, కార్పొరేషన్ డివిజన్, పోలింగ్ బూత్ మూడింటికీ మూడు వేర్వేరు గీతలు. బూత్ వారీ ఓట్లు ఫారం 20 అనే ఎన్నికల ఫలితాల పత్రంలో ఉంటాయి. అవి స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, అంకెలు చేత్తో ఎక్కించుకోవాలి. ఓటర్లు పెరిగితే బూత్‌ను రెండుగా చీలుస్తారు, అప్పటినుంచి వరస నంబర్లన్నీ మారిపోతాయి. 2019లో 112వ బూత్ 2024లో 112 కాదు. ఓటర్ల జాబితా మొదటి పేజీలో ఏ వీధి ఏ బూత్‌లోదో రాసి ఉంటుంది. దాన్ని పట్టుకుని వీధులు తిరిగి జత కలపడానికే మాకు మూడు వారాలు పట్టింది.

హాస్టళ్ళ డివిజన్

మొదటి మ్యాప్ తయారైన రోజు ఒక డివిజన్ అక్షరాస్యతలో మిగతావాటికంటే ఎత్తుగా లేచి కనిపించింది. ఆ ప్రాంతం నాకు తెలుసు. అంత చదువుకున్న పేట కాదది. రెండు రోజులు ఆలోచించాక తట్టింది. అక్కడ ఇంటర్ హాస్టళ్ళున్నాయి. జనగణన లెక్కింపు 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. మార్చిలో ఇంటర్ పరీక్షలు కాబట్టి ఆ రోజుల్లో హాస్టళ్ళు నిండుగా ఉంటాయి. ప్రకాశం నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చిన పిల్లలంతా ఆ డివిజన్ జనాభా కింద లెక్కకెక్కారు. వాళ్ళలో ఒక్కరికీ అక్కడ ఓటు లేదు.

దీనికి ఎదురుగా ఇంకో సంగతి ఉంది. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఓటు మాత్రం ఊళ్ళోనే ఉంచుకున్నవాళ్ళు. వాళ్ళు జనగణనలో అక్కడ లెక్కకొస్తారు, ఓటింగ్ రోజున బస్సెక్కి ఇక్కడికొస్తారు. 2024 మే 13కు ముందు రెండు రోజులు హైదరాబాద్ నుంచి వచ్చే జాతీయ రహదారి చూసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి లెక్కలోని మనుషులు, ఓటేసే మనుషులు ఒకరే అనుకోవడంతోనే పొరపాటు మొదలవుతుంది. ఆ డివిజన్ చూసీ చూడనట్టు మ్యాప్ ఇచ్చేసి ఉంటే, ఇంట్లో అమ్మ వేలిముద్ర వేసే వీధుల్లో ఇంగ్లిష్ కరపత్రాలు పంచి ఉండేవాళ్ళు.

జిల్లాలను పక్కపక్కన పెడితే

డివిజన్ లెక్కలు ఇంత వంకరగా ఉన్నాయి కాబట్టి, ముందు పెద్ద చిత్రంలోనైనా ఆ నమ్మకం నిలుస్తుందా అని చూశాను. ఇది ఎవరైనా ఇంట్లో కూర్చుని కాగితం మీద చేసుకోగలిగిన పరీక్ష.

2011లో గుంటూరు జిల్లా అక్షరాస్యత 67.40 శాతం. వైఎస్సార్ కడప జిల్లాది 67.30. ఈ రెండింటి మధ్య తేడా లేదనే చెప్పాలి. 2014లో గుంటూరులోని 17 సీట్లలో తెలుగుదేశానికి 12, వైసీపీకి 5 వచ్చాయి. అదే రోజు ఓటేసిన కడపలో 10కి 9 వైసీపీవి. చదువు ఓటును నిర్ణయిస్తే ఈ రెండు జిల్లాలు కవలల్లా ఉండాలి.

ఇప్పుడు రెండు కొసల్నీ చూద్దాం. 13 జిల్లాల్లో అక్షరాస్యతలో అందరికంటే పైన పశ్చిమ గోదావరి, 74.63 శాతం. అందరికంటే కింద విజయనగరం, 58.89. పదహారు శాతం దూరం. 2014లో పశ్చిమ గోదావరి 15 సీట్లూ తెలుగుదేశం, బీజేపీ పొత్తుకు పోయాయి, విజయనగరంలో 9కి 6 తెలుగుదేశానివి. 2019లో పశ్చిమ గోదావరిలో 13, విజయనగరంలో తొమ్మిదికి తొమ్మిదీ వైసీపీవి. 2024లో రెండు జిల్లాల్లోనూ అన్ని సీట్లూ తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమివి. చదువులో అంత దూరం ఉన్న రెండు జిల్లాలు పదేళ్ళలో రెండుసార్లు ఒకే దిక్కుకు తిరిగాయి.

ఇందులోంచి నాకు అర్థమైంది ఇది. అక్షరాస్యత, ఆదాయం నిదానంగా కదిలే అంకెలు. ఐదేళ్ళలో ఒక జిల్లా అక్షరాస్యత రెండు మూడు శాతం పెరిగితే గొప్ప. అదే ఐదేళ్ళలో రాష్ట్రంలో వైసీపీ 151 నుంచి 11కు వచ్చింది. నత్త నడక నడిచే అంకెతో ఇంత పెద్ద తిరుగుడును వివరించలేం.

సీట్ల అంకెలో ఇంకో మాయ ఉంది. 11 సీట్లే వచ్చిన 2024లో కూడా వైసీపీకి 39.37 శాతం ఓట్లు పడ్డాయి. 23 సీట్లకు పడిపోయిన 2019లో తెలుగుదేశానికి 39.17. అంటే ఒక రంగు పూసిన ప్రాంతంలో కూడా పదిమందిలో నలుగురు అవతలి గుర్తుకే వేశారు. మ్యాప్‌లో ఆ నలుగురూ కనపడరు. ఆ ఊరు పూర్తిగా ఫలానా పార్టీది అనేస్తాం. అది విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ నలుగురి వీధులకే తర్వాత ఐదేళ్ళు నీళ్ళ పైపు ఆలస్యంగా వస్తుంది.

2019లో నిలిచిన నాలుగు సీట్లు

బావమరిదిగారు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "జిల్లాలు వదిలేయండి. 2019లో అంత గాలిలో కూడా విజయవాడ తూర్పు, గుంటూరు పశ్చిమ తెలుగుదేశం గెలిచిందా లేదా? రెండూ చదువుకున్నోళ్ళుండే చోట్లే కదా?" అన్నారు.

మంచి ప్రశ్నే. బెంజ్ సర్కిల్, పటమట, మొగల్రాజపురం ఒకవైపు, బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం ఇంకోవైపు. ఆస్పత్రులు, కాలేజీలు, అపార్ట్‌మెంట్లు. ఈ రెండే చూస్తే ఆయన మాట నిజమనిపిస్తుంది. అయితే ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల్లోని 33 సీట్లలో తెలుగుదేశం ఆ ఏడాది గెలిచినవి నాలుగు. మిగతా రెండు గన్నవరం, రేపల్లె. గన్నవరంలో ఎక్కువ పల్లెలే. రేపల్లె కృష్ణా డెల్టా చివర, సముద్రం దగ్గర. అక్కడ ఎక్కువమంది వ్యవసాయం మీద, చేపల మీద బతికేవాళ్ళు. నాలుగింటిలో రెండు సిద్ధాంతానికి అనుకూలం, రెండు వ్యతిరేకం. బొమ్మ బొరుసు వేసినా అంతే వస్తుంది.

తూర్పుకు ఆనుకునే విజయవాడ సెంట్రల్ ఉంది. సత్యనారాయణపురం లాంటి పాత ఉద్యోగస్తుల పేటలూ, సింగ్‌నగర్, పాయకాపురం లాంటి కూలిపనుల వాడలూ రెండూ అందులోనే. 2019లో అక్కడ వైసీపీ గెలిచింది 25 ఓట్లతో. పదమూడు మంది అటునుంచి ఇటు వేసి ఉంటే ఆ సీటు రంగు మారేది, పత్రికల్లో ఇంకో విశ్లేషణ వచ్చేది. అదే సెంట్రల్‌లో 2024లో తెలుగుదేశం 68 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచింది. 2019లో అక్కడ జనసేన పొత్తులో సీపీఎం విడిగా పోటీ చేసింది. 2024లో జనసేన తెలుగుదేశంతో కలిసి ఉంది. పొత్తు మారితే సీటు లెక్కంతా మారుతుంది, జనం చదువు మారకపోయినా.

మంగళగిరిది ఇంకా ముచ్చటైన చరిత్ర. 2014లో వైసీపీకి 12 ఓట్ల ఆధిక్యం, 2019లో 5,337. 2024లో తెలుగుదేశానికి 91,413. మధ్యలో అక్కడ జరిగిందేమిటో అందరికీ తెలుసు. రాజధాని వస్తుందన్నారు, భూసమీకరణకు పొలాలిచ్చారు, 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట వచ్చింది. పొలమిచ్చిన రైతు ఎంతవరకు చదివాడన్నది అక్కడ ఎవరికీ అక్కర్లేని ప్రశ్న అయిపోయింది.

ఇక నన్ను పూర్తిగా ఒప్పించింది ఒకటుంది. 2019 ఏప్రిల్ 11న అసెంబ్లీకి, లోక్‌సభకు ఒకేసారి ఓటింగ్ జరిగింది. ఒకే బూత్‌లో రెండు మిషన్లు. విజయవాడ లోక్‌సభ కింద ఉన్న ఏడు అసెంబ్లీ సీట్లలో ఆరు వైసీపీ గెలిచింది. లోక్‌సభ సీటు మాత్రం తెలుగుదేశం 8,726 ఓట్లతో గెలిచింది. గుంటూరులోనూ అంతే. ఏడులో ఆరు వైసీపీ, లోక్‌సభ తెలుగుదేశానికి 4,205 ఓట్లతో. అదే మనిషి, అదే చదువు, అదే జీతం. మొదటి మిషన్ దగ్గర ఒక గుర్తు నొక్కి, రెండడుగులు వేసి ఇంకో గుర్తు నొక్కినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఆ వేలమందీ అభ్యర్థిని చూశారు, పదవిని చూశారు, లెక్కేసుకున్నారు. ఈ అంకెలు చూపించాక బావమరిదిగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

పట్టభద్రుల ఓట్లు

మరి కేవలం చదువుకున్నవాళ్ళే ఓటేసే ఎన్నికలున్నాయిగా, వాటిని చూద్దాం అనుకున్నాం. శాసనమండలి పట్టభద్రుల స్థానాలు. డిగ్రీ పూర్తయి మూడేళ్ళయినవాళ్ళే ఓటర్లు. ప్రాంతాల సగటుతో పని లేకుండా, చదువుకున్న మనిషి ఓటునే నేరుగా చూసే అవకాశం మనకు ఇక్కడొక్కచోటే దొరుకుతుంది.

2023 మార్చిలో వైసీపీ అధికారంలో ఉండగానే మూడు పట్టభద్రుల స్థానాలనూ తెలుగుదేశం గెలుచుకుంది. వాటిలో ఒకటి కడప, అనంతపురం, కర్నూలు జిల్లాలది. "చూశారా!" అని ఎవరైనా అనొచ్చు. కానీ అదే విడతలో జరిగిన రెండు ఉపాధ్యాయ స్థానాలను వైసీపీ గెలిచింది. ఉపాధ్యాయులు చదువులో పట్టభద్రులకంటే తక్కువవాళ్ళేం కాదు.

మన కృష్ణా, గుంటూరు పట్టభద్రుల స్థానం సంగతి ఇంకా స్పష్టం. 2019లో ఈ పట్టభద్రులు ఎన్నుకున్నది ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) అభ్యర్థి లక్ష్మణరావుగారిని. ఉపాధ్యాయ, ఉద్యోగ సంఘాల, వామపక్షాల మద్దతుతో నిలబడ్డ మనిషి. 2025లో అదే స్థానంలో తెలుగుదేశం అభ్యర్థి ఆలపాటి రాజేంద్రప్రసాద్ ఆయన మీద 82 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. వైసీపీ పోటీలో లేదు. మేం రిపోర్టు ఇచ్చేనాటికి ఈ రెండో ఫలితం రాలేదు, ఇప్పుడు కలుపుతున్నాను. డిగ్రీ ఆరేళ్ళలో మారలేదు. మారింది ప్రభుత్వం, పొత్తులు, ఓటర్ల నమోదు.

నమోదు గురించి ఒక మాట. పట్టభద్రుల జాబితా ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారవుతుంది. పాత జాబితాలో ఉన్నా మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. అంటే ఓటేసేది పట్టభద్రులందరూ కాదు, ఎవరో ఇంటికొచ్చి ఫారం నింపించినవాళ్ళు, లేదా తమంతట తాము శ్రద్ధ పెట్టినవాళ్ళు. ఏ పార్టీ, ఏ సంఘం ఎక్కువ ఫారాలు నింపిస్తే జాబితా రూపం అటు ఒరుగుతుంది. ఆ ఫలితాన్ని తీసుకొచ్చి చదువుకున్న సమాజం తీర్పు అనడం సరికాదు.

సగటు నుంచి మనిషిని ఊహిస్తే

ఈ పొరపాటుకు గణాంకశాస్త్రంలో పాత చరిత్రే ఉంది. 1950లో విలియం రాబిన్సన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1930 నాటి అక్కడి జనగణనను తీసుకుని చూశారు. పరదేశాల్లో పుట్టినవాళ్ళు ఎక్కువున్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువగా ఉంది. దాన్నిబట్టి వలస వచ్చినవాళ్ళు బాగా చదువుకున్నవాళ్ళు అనుకోవాలి. మనుషుల స్థాయిలో చూస్తే తిరగబడింది. వలస వచ్చినవాళ్ళలోనే నిరక్షరాస్యత కొంచెం ఎక్కువ. వాళ్ళు పనుల కోసం, చదువుకున్నవాళ్ళు ఎక్కువున్న రాష్ట్రాల్లో స్థిరపడటం వల్ల లెక్క అలా కనిపించింది. ఓట్ల విషయంలోనూ అక్కడ ఇలాంటిదే జరిగింది. 2004లో మసాచుసెట్స్, కనెక్టికట్ లాంటి సంపన్న రాష్ట్రాలు డెమోక్రాట్లవైపు, మిసిసిపీ లాంటి పేద రాష్ట్రం రిపబ్లికన్లవైపు నిలిచాయి. అయినా చాలా రాష్ట్రాల లోపల చూస్తే ఎక్కువ ఆదాయమున్న మనిషి రిపబ్లికన్లవైపే మొగ్గాడు.

మన డెల్టాలో దీన్ని అర్థం చేసుకోవడానికి అంత దూరం వెళ్ళక్కర్లేదు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టినప్పటినుంచి నీళ్ళు పారిన ఊళ్ళు ఇవి. తెనాలి చుట్టుపక్కల ఒక సంపన్న గ్రామం తీసుకోండి. భూమి విలువ కోట్లలో ఉంటుంది, మేడలుంటాయి. ఆ మేడల్లో చాలావాటికి తాళాలుంటాయి, పిల్లలు అమెరికాలో, పెద్దలు హైదరాబాద్‌లో. పొలం చేసేది కౌలు రైతు. ఓటేసే వరసలో నిలబడేది ఎక్కువగా కౌలు రైతు, కూలి కుటుంబం. ఊరి సగటు ఆదాయం ఎక్కువే, ఓటు పడేది మాత్రం ఆ సగటుకు అందని చేతులతో. ఇక్కడ భూమి, చదువు, సామాజికవర్గం మూడూ తరాలుగా పెనవేసుకుని ఉన్నాయి కాబట్టి, చదువు వల్ల ఓటు ఇటు పడిందని ఎవరైనా అంటే, అది చదువు వల్లనో భూమి వల్లనో కులం వల్లనో విడదీసి చూపించమని అడగాలి. ప్రాంతాల సగటు పట్టుకుని అది విడదీయడం కుదరదు.

గుంటూరు జిల్లా అక్షరాస్యత 67.40 శాతం అన్న ఒక్క అంకె లోపలే తెనాలి వైపు పాత కాలవల నేలా ఉంది, సాగర్ కుడి కాలవ వచ్చేదాకా మెట్టగా ఉన్న పల్నాడూ ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాను గుంటూరు, పల్నాడు, బాపట్లగా విడగొట్టాక ఆ ఒక్క అంకెకు అర్థమే పోయింది.

కాలవ కట్ట మీద

డిసెంబర్‌లో మా కుర్రాళ్ళతో కలిసి నేనూ వీధులు తిరిగాను. మ్యాప్ ప్రకారం ముదురు ఎరుపు రావాల్సిన ఒక కాలవ కట్ట వాడ. రేకుల ఇళ్ళు, వరసగా నీళ్ళ డ్రమ్ములు. ఒక ఇంటి అరుగు మీద పూలు కడుతున్న పెద్దావిడ దగ్గర కూర్చున్నాం. మేం అడిగిన ప్రశ్నలకన్నా ఆవిడ మమ్మల్ని అడిగినవే ఎక్కువ. పట్టా ఇచ్చారు కదా, మరి అమ్ముకునే హక్కు ఉందా లేదా? ఇంటి పన్ను ఎందుకు పెరిగింది? మనవడు డిప్లొమా చేశాడు, ఉద్యోగం ఏది? డబ్బు నెలనెలా పడుతోంది, సరే, సరుకుల ధర ఎంతయింది?

"పథకాలు వస్తున్నాయిగా అమ్మా, మీ ఓటు వాళ్ళకేగా?" అన్నాడు మా కుర్రాడు. వాడు అలా అడగకూడదు, నేర్పించాం కూడా.

ఆవిడ చేతిలో దారం ఆపి, "ఇచ్చినోడికి దండం పెడతాను బాబూ. ఓటు మాత్రం నా ఇంట్లో లెక్క చూసుకుని ఏస్తాను. సంతకం రాకపోతే లెక్క రాదనుకున్నావా?" అంది.

ఆ సాయంత్రమే పెద్ద అపార్ట్‌మెంట్లున్న పేటలో, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన ఇంట్లో కాఫీ తాగాం. మూడు పత్రికలు చదువుతారు. "మా ఇంట్లో మా నాన్నగారి కాలం నుంచి ఒకటే పార్టీ అండీ. అభ్యర్థి ఎవరన్నది మేం చూడం" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. అదొక విధేయత, దానికీ కారణాలుంటాయి. కానీ చదువుకున్నవాళ్ళు ఆలోచించి వేస్తారు, చదువు లేనివాళ్ళు పథకం చూసి వేస్తారు అన్న మాట ఇక నా నోటినుంచి రాదు. ఎవరైనా నా ముందు అంటే ఊరుకోను కూడా.

ఈ దశలో ఒకరు మాకు పథకాల లబ్ధిదారుల జాబితా ఇస్తామన్నారు. పేర్లు, ఫోన్ నంబర్లు, ఏ ఇంటికి ఏది అందుతోందో అన్నీ ఉన్నాయట. మేం తీసుకోలేదు. పింఛను తీసుకున్నందుకు ఒక ముసలావిడ వివరాలు పార్టీ ఆఫీసు కంప్యూటర్‌లోకి వెళ్ళడం తప్పు. అందులో మరో ఆలోచన అక్కర్లేదు.

ఏం ఇచ్చాం, ఏం తేలింది

రంగుల మ్యాప్ ఇవ్వలేదు. దాని బదులు ప్రతి బూత్‌కు ఒక కాగితం ఇచ్చాం. 2014, 2019 అసెంబ్లీ, 2019 లోక్‌సభ, 2021 కార్పొరేషన్ ఓట్లు జత కలిపినంత వరకు ఒకే వరసలో, కింద ఆ వీధుల్లో విన్న సమస్యలు. చదువు, ఆదాయం లెక్కల్ని పూర్తిగా పారేయలేదు. అవి పనికొచ్చే చోటు వేరే ఉంది. ఆడవాళ్ళకు, మగవాళ్ళకు అక్షరాస్యతలో తేడా ఎక్కువున్న వీధుల్లో కరపత్రం కాకుండా మాట్లాడే మనిషి కావాలి. ఉదయం ఆరింటికే పనికి పోయే వాడల్లో సాయంత్రం ఏడు తర్వాతే తిరగాలి. అపార్ట్‌మెంట్ల బూత్‌లలో ఓటింగ్ శాతం తక్కువగా ఉంటోంది కాబట్టి అక్కడ ఎటు వేస్తారన్న ప్రశ్నకన్నా అసలు దిగి వస్తారా అన్నదే పెద్ద ప్రశ్న.

బావమరిదిగారు కాగితాలు తిరగేసి, "రంగులేవి అన్నా?" అన్నారు. డబ్బులు సగమే ఇచ్చారు, మిగతా సగం ఫలితాల తర్వాత అన్నారు. వాళ్ళ నాయకుడికి చివరికి టికెట్ రాలేదు, ఆ సగం కూడా రాలేదు. పని మాత్రం ఆగలేదు.

2024 జూన్ 4 తర్వాత ఫారం 20 బయటికి రాగానే మా సొంత ఖర్చుతో మళ్ళీ కూర్చున్నాం. ఒక బూత్ ఓటును ముందుగా అంచనా వేయడానికి అన్నిటికంటే బాగా పనికొచ్చింది ఆ బూత్‌లోనే గతసారి పడ్డ ఓటు. దానికి అక్షరాస్యత, ఇంటి వసతుల లెక్కలు చేర్చినా అంచనా మెరుగుపడింది చాలా కొద్దిగా. వైసీపీ బలంగా ఉన్న బూత్‌లు మిగతా బూత్‌లతో పోలిస్తే అప్పుడూ బలంగానే ఉన్నాయి, తెలుగుదేశం బూత్‌లూ అంతే. వరస పెద్దగా మారకుండా మొత్తం నీటిమట్టమే ఒకవైపు లేచింది. కాలవ కట్ట వాడలోనూ లేచింది, అపార్ట్‌మెంట్ల పేటలోనూ లేచింది. వరస ఎందుకు అలా ఉందో చెప్పడానికి చదువు, భూమి, కులం, పాత నాయకుల చరిత్ర కొంత ఉపయోగపడతాయి. మట్టం ఎందుకు లేచిందో చెప్పాలంటే ఆ ఐదేళ్ళలో ఆ వీధుల్లో ఏం జరిగిందో అడగాల్సిందే.

తర్వాత 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగాయి. చాలా కుటుంబాలు ఇళ్ళు మారాయి. మేం వీధి వీధికీ కలిపిన ఆ జతలు కొన్నిచోట్ల ఇప్పుడు పనికిరావు. కార్పొరేషన్ ఎన్నికలకు ముందే మళ్ళీ తిరగాలని ఓటర్ల జాబితా మొదటి పేజీలు ప్రింట్ తీయించి పెట్టుకున్నాం. అప్పుడు పొరపాటు ప్రశ్న అడిగిన కుర్రాడే ఇప్పుడు కొత్తవాళ్ళకు ప్రశ్నలు నేర్పిస్తున్నాడు. మొదట కాలవ కట్ట దగ్గరినుంచే మొదలుపెడదామన్నాడు.